ఆగింది సరే... ఎక్కడ ఆగింది?

‘ల్యాప్‌టాప్ ఆన్ కావడం లేదండీ.’

రిపేరు దుకాణానికి వెళ్లేవాళ్లలో చాలామంది చెప్పే మాట ఇదొక్కటే. డాక్టరు దగ్గరికి వెళ్లి ‘ఒంట్లో బాగాలేదు’ అని ఊరుకున్నట్టు. జ్వరమా, కడుపునొప్పా, కళ్లు తిరుగుతున్నాయా చెబితే కదా ఆయన మందు రాసేది! ల్యాప్‌టాప్ సంగతీ అంతే. బటన్ నొక్కితే అసలు లైటే వెలగకపోవడం ఒక జబ్బు. లైటు వెలిగి, ఫ్యాను తిరిగి, తెర మాత్రం నల్లగా ఉండిపోవడం ఇంకొకటి. కంపెనీ గుర్తు వచ్చి అక్కడే బిగుసుకుపోవడం మూడోది. విండోస్ గుర్తు కింద చుక్కలు గిరగిరా తిరిగీ తిరిగీ మళ్లీ మొదటికే రావడం నాలుగోది. ఇంట్లోవాళ్లకు నాలుగూ ఒకటే... ‘ఆన్ కావట్లేదు’. కానీ నాలుగింటికీ మందు వేరు. ఖర్చూ వేరే. ఒకదానికి పైసా కూడా కాదు, మరొకదానికి మదర్‌బోర్డు మార్చాలి.

పైగా ఈ జబ్బు ఒక్కసారితో పోదు. ఈ రోజు మొరాయిస్తుంది, రేపు బుద్ధిగా తెరుచుకుంటుంది, ఎల్లుండి అమ్మాయి హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసుకోవాల్సిన గంటలో మళ్లీ మొండికేస్తుంది. దుకాణంలో కుర్రాడు ‘ఫార్మాట్ కొడితే సరిపోద్ది సార్’ అంటాడు. సాయంత్రానికి ఇచ్చేస్తాడు. పది రోజులు బాగానే ఉంటుంది. పదకొండో రోజు మళ్లీ అదే కథ. ఈలోగా అందులో ఉన్న ఫొటోలన్నీ పోయుంటాయి. అందుకే ఈ వారం ఆ ఫార్మాట్ మాట వినకముందే మనం ఇంట్లో ఏమేం చూసుకోవచ్చో చెప్పుకుందాం.

బటన్ నొక్కాక లోపల ఏం జరుగుతుంది?

ముందుగా మదర్‌బోర్డుకు కరెంటు అందుతుంది. అక్కడ ఒక చిప్‌లో చిన్న ప్రోగ్రాము శాశ్వతంగా కూర్చుని ఉంటుంది. పాతవాటిలో దాన్ని బయోస్ అనేవాళ్లు, కొత్తవాటిలో ఉన్నది యూఈఎఫ్ఐ. పేరు మారినా దుకాణాల్లో ఇప్పటికీ బయోస్ అనే అంటారు. నిద్రలేచిన వెంటనే అది ఇల్లంతా ఒకసారి చూసుకుంటుంది. ప్రాసెసర్ ఉందా, ర్యామ్ ఉందా, తెర ఉందా అని. అన్నీ ఉంటే కంపెనీ గుర్తు చూపిస్తుంది. ఆ తర్వాత విండోస్ ఏ డిస్కులో ఉందో వెతుక్కుని, అక్కడ ఉన్న బూట్ లోడర్ అనే మరో ప్రోగ్రాముకు పగ్గాలు అప్పజెబుతుంది. అది విండోస్‌ను లేపుతుంది. విండోస్ తన డ్రైవర్లన్నిటినీ పోగేసుకుని చివరికి పాస్‌వర్డ్ అడుగుతుంది. ఒకరి తర్వాత ఒకరు తనకంటే పెద్దవాడిని లేపుకుంటూ పోవడమన్నమాట. బూటు వెనక పట్టీని తానే పట్టుకుని తనను తాను పైకి లేపుకున్నట్టుందని దీనికి ‘బూట్‌స్ట్రాప్’ అని పేరు పెట్టారు. మనం వాడే ‘బూట్’ అందులో మిగిలిన సగం ముక్క.

ఈ వరుస గుర్తుంటే చాలు, సగం రోగ నిర్ధారణ అయిపోయినట్టే. ల్యాప్‌టాప్ ఎంతవరకు వచ్చి ఆగిందో, అంతవరకూ ఉన్నవి దాదాపుగా బాగున్నట్టే లెక్క. కంపెనీ గుర్తు కనిపించిందా? అయితే కరెంటు, తెర, ప్రాసెసర్, ర్యామ్ పనిచేస్తున్నాయి. అప్పుడెవరైనా ‘తెర పోయింది, మార్చాలి’ అంటే నమ్మక్కర్లేదు. అసలు గుర్తే రాలేదా? అయితే విండోస్ వంతే రాలేదు. ఫార్మాట్ చేసి ఏం లాభం?

అసలు లైటే వెలగకపోతే

ప్లగ్గు నుంచి మొదలుపెట్టండి. అదే సాకెట్లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. అడాప్టర్ మీద లైటు ఉంటే వెలుగుతోందా? పక్కింటివాళ్ల ఛార్జర్ అరువు తెచ్చుకునేటట్టయితే దాని మీద రాసి ఉన్న వోల్టులు మీ దానితో సరిగ్గా కలవాలి, ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. టైప్-సి పిన్ను ఉన్న ల్యాప్‌టాప్‌లతో మరో చిక్కు. పిన్ను సరిపోయింది కదా అని మామూలు ఫోన్ ఛార్జర్ గుచ్చుతారు. 45, 65 వాట్లు అడిగే యంత్రానికి 10 వాట్లు ఏ మూలకి?

ఛార్జర్ బాగానే ఉంటే ఈ పని చేయండి. ఛార్జర్ తీసేయండి. మౌస్, పెన్‌డ్రైవ్, ప్రింటర్ వైరు... తగిలించినవన్నీ పీకేయండి. బ్యాటరీ బయటికి వచ్చే పాత రకమైతే అదీ తీయండి. ఇప్పుడు పవర్ బటన్‌ను 30 సెకన్ల పాటు నొక్కి పట్టుకోండి. తర్వాత ఛార్జర్ ఒక్కటే తగిలించి ఆన్ చేయండి. చూడ్డానికి ఇదేదో తాయెత్తు కట్టే వ్యవహారంలా ఉంటుంది గానీ, తయారీ కంపెనీలు తమ సర్వీసు సూచనల్లో మొదట చెప్పేది ఇదే. మదర్‌బోర్డు మీద పవర్ వ్యవహారాలు చూసే చిన్న చిప్ ఒకటుంటుంది. కరెంటు హెచ్చుతగ్గులకో, సగంలో ఆగిన స్లీప్‌కో అది బిగుసుకుపోతుంది. మిగిలి ఉన్న కొద్దిపాటి ఛార్జి కూడా వదిలిపోతే మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఉచితంగా బాగయ్యే కేసుల్లో ఎక్కువ ఇక్కడే బాగవుతాయి.

ఒక్క జాగ్రత్త. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు, అడుగు భాగం ఉబ్బినట్టు, మూత సరిగ్గా పడనట్టు అనిపిస్తే ఈ ప్రయోగాలేవీ వద్దు. బ్యాటరీ ఉబ్బింది. ఛార్జింగ్ పెట్టకుండా, దాన్ని నొక్కకుండా, గుచ్చకుండా దుకాణానికి తీసుకెళ్లి బ్యాటరీ తీయించేయండి. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం కష్టం.

లైటుంది, తెర లేదు

గదిలో లైట్లు ఆర్పి, తెర మీదకు టార్చి ఏటవాలుగా వేసి చూడండి. లీలగా బొమ్మ కనిపిస్తే ల్యాప్‌టాప్ బూట్ అయింది, తెర వెనక వెలుతురే పోయింది. టీవీకి హెచ్‌డీఎంఐ వైరు తగిలించి చూసినా తెలిసిపోతుంది. టీవీలో విండోస్ కనిపించిందంటే రోగం తెర వరకే. మీ ఫైళ్లన్నీ భద్రం.

రెండు చోట్లా ఏమీ రాలేదా? చెవి పెట్టి వినండి, కళ్లు పెట్టి చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లు ఇలాంటప్పుడు బీప్‌మని కూతలు పెడతాయి, లేదా క్యాప్స్ లాక్ దగ్గరి లైటునో, ఛార్జింగ్ లైటునో ఒక లెక్క ప్రకారం మిణుకుమిణుకుమనిపిస్తాయి. రెండుసార్లు ఒక రంగు, ఏడుసార్లు మరో రంగు... ఇలా. ఈ లెక్క కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారుతుంది. అందుకే ఎవరో చెప్పిన అర్థాన్ని మీ దానికి అంటగట్టకండి. ఫోన్‌తో ఓ అర నిమిషం వీడియో తీసి, కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ పేరుతో సరిచూసుకోండి. మెకానిక్‌కు చూపించడానికీ అది పనికొస్తుంది.

చాలాసార్లు ఆ లెక్క ర్యామ్ మీదికి వేలు చూపిస్తుంది. ర్యామ్ పలక అడుగున బంగారు రంగు పళ్లుంటాయి. వాటి మీద దుమ్మూ మసీ పేరుకున్నా, పలక కొంచెం కదిలినా బూట్ ఆగిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలి, వానాకాలం చెమ్మ ఈ పళ్లను మరింత త్వరగా పాడుచేస్తాయి. వారంటీ అయిపోయి, అడుగున స్క్రూలు విప్పడం మీకు అలవాటైతే, బ్యాటరీ తప్పించి, ర్యామ్ తీసి, పళ్లను పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, రజను దులిపి మళ్లీ బిగించండి. రెండు పలకలుంటే ఒక్కొక్కటీ విడిగా పెట్టి చూడండి. దేనితో ఆగిందో అదే దొంగ. ర్యామ్ కదిపాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొత్త యంత్రాలు నిమిషాల తరబడి నల్లగా ఉండిపోవచ్చు. ర్యామ్‌తో లంకె కుదుర్చుకుంటున్నాయన్నమాట. కంగారుపడి ఆపేయకండి. పలచటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. వాటి జోలికి వెళ్లొద్దు.

గుర్తు దగ్గరే ఆగితే

ముందు పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు తీయండి. నవ్వకండి. విండోస్ కోసం పెన్‌డ్రైవ్‌లో వెతికి, దొరక్క అక్కడే చతికిలబడే ల్యాప్‌టాప్‌లు బోలెడు. తర్వాత బయోస్ లోపలికి వెళ్లండి. ఆన్ చేస్తూనే ఎఫ్2 నొక్కాలి. కొన్నిటికి ఎఫ్10, ఎస్కేప్, డిలీట్. అక్కడ ఏదీ మార్చకండి, రెండే చూడండి. ఒకటి, తేదీ. అది ఎప్పుడో పదిహేనేళ్ల కిందటిది చూపిస్తుంటే బోర్డు మీది చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోయింది. సాధారణంగా సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల. అది అయిపోతే బయోస్‌లో పెట్టుకున్న అమరికలు చెరిగిపోయి, కొన్ని ల్యాప్‌టాప్‌లు బూట్ కావడం మానేస్తాయి. రెండు, డిస్కు పేరు. పేరు కనిపిస్తోందంటే డిస్కు కనీసం పలుకుతోంది, సమస్య విండోస్‌లో ఉండొచ్చు. కనిపించలేదంటే డిస్కు పోయింది, లేదా దాని వైరు వదులైంది.

ఇక ఇక్కడే అసలు విషయం. పాత రకం హార్డ్ డిస్కు ఉన్న ల్యాప్‌టాప్ నుంచి ‘టిక్... టిక్... టిక్’ అని చప్పుడు వస్తుంటే వెంటనే ఆపేయండి. మళ్లీ ఆన్ చేయకండి. లోపల తిరిగే పళ్లెం మీద చదివే ముల్లు దారి తప్పి కొట్టుకుంటోంది. మీరు ‘ఇంకొక్కసారి చూద్దాం’ అన్న ప్రతిసారీ పళ్లెం గీసుకుపోయి, అందులోని సమాచారం శాశ్వతంగా పోవచ్చు. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందన్న పాత చిట్కా కూడా నమ్మకండి, చెమ్మ చేరి మిగిలిందీ పోతుంది. ఎస్ఎస్‌డీలకు ఈ చప్పుడు కూడా ఉండదు. నిన్నటిదాకా పనిచేసి, ఈ రోజు చెప్పాపెట్టకుండా మాయమవుతాయి.

పదేపదే మొరాయించే ల్యాప్‌టాప్‌లలో అనుమానించాల్సిన మొదటి ముద్దాయి ఈ డిస్కే. కొన్ని గళ్లు పాడైన డిస్కు మీద విండోస్ మళ్లీ వేస్తే అది బాగున్న గళ్లలో కూర్చుని కొన్నాళ్లు పనిచేస్తుంది. పాడైన మచ్చ పెరిగి మళ్లీ విండోస్ ఫైలును తాకగానే కథ మొదటికొస్తుంది. పది రోజుల రిపేరు రహస్యం ఇదే. జ్వరానికి కారణం చూడకుండా మాత్ర వేసినట్టు. మా వీధిలో ఒకాయన ల్యాప్‌టాప్‌కు ఇలాగే రెండు నెలల్లో మూడుసార్లు ఫార్మాట్ కొట్టారు. మూడోసారి తర్వాత గానీ డిస్కు మార్చాలని ఎవరికీ తోచలేదు. ఆయన బాధ డబ్బు గురించి కాదు. మొదటి ఫార్మాట్‌లోనే వాళ్ల నాన్నగారి షష్టిపూర్తి ఫొటోలు పోయాయి. పెద్దాయన ఇప్పుడు లేరు.

ల్యాప్‌టాప్ తెరుచుకున్న రోజున ఆ డిస్కు ఆరోగ్యం చూసుకోవడానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాములున్నాయి. డిస్కు తనలో తాను రాసుకునే ఆరోగ్య పత్రాన్ని చదివి చెబుతాయి. నీలం రంగులో ‘గుడ్’ అని వస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. పసుపు వచ్చిందా, ఆ సాయంత్రమే ఫొటోలు వేరేచోటికి ఎక్కించండి. ‘గుడ్’ అన్నంత మాత్రాన పూచీ లేదనుకోండి. పసుపు, ఎరుపు వస్తే మాత్రం అనుమానమే అక్కర్లేదు.

చుక్కలు తిరిగి తిరిగి...

విండోస్ మొదలై మధ్యలో ఆగుతుంటే సంతోషించండి. నాలుగు జబ్బుల్లో ఇంట్లో నయమయ్యే అవకాశం బాగా ఉన్నది ఇదే. విండోస్ 7 వరకు ఎఫ్8 నొక్కితే సేఫ్ మోడ్ వచ్చేది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఆ దారి మూసేశారు. ఇప్పుడు, చుక్కలు తిరుగుతుండగా పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఆపేయాలి. అలా రెండు మూడుసార్లు చేస్తే విండోస్ తనకేదో అయిందని గ్రహించి రిపేరు తెర చూపిస్తుంది. టిక్‌టిక్ చప్పుడు చేసే డిస్కుతో మాత్రం ఈ పని వద్దు. అందులో ‘ట్రబుల్‌షూట్’, ఆ తర్వాత ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లండి. ముందు స్టార్టప్ రిపేర్. కుదరకపోతే, ఈమధ్య అప్‌డేట్ అయ్యాకే గొడవ మొదలైందంటే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. తర్వాత సిస్టమ్ రిస్టోర్. స్టార్టప్ సెట్టింగ్స్ ద్వారా సేఫ్ మోడ్‌లోకి వెళ్లగలిగితే, కొత్తగా వేసిన ప్రోగ్రామునో డ్రైవర్‌నో తీసేయొచ్చు. ఇవేవీ మీ ఫొటోలను ముట్టుకోవు.

అదే తెరలో ‘రీసెట్ దిస్ పీసీ’ కూడా ఉంటుంది. పెద్ద అక్షరాలతో, రా రమ్మని పిలుస్తున్నట్టు. దానిలో ‘కీప్ మై ఫైల్స్’ అంటే మీ ఫైళ్లు ఉంచి ప్రోగ్రాములు తీసేస్తుంది. ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ అంటే పేరులోనే ఉంది. ఫైళ్లు వేరేచోట భద్రపరిచేదాకా రెండిటి జోలికీ పోవద్దనే నా సలహా.

ఫార్మాట్ లేకుండా ఎంత పెద్ద జబ్బు నయమవుతుందో చెప్పడానికి 2024 జులై 19 చాలు. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా భద్రతా సంస్థ ఆ ఉదయం మన టైము ప్రకారం 9.39కి ఒక చిన్న అప్‌డేట్ పంపింది. తప్పు తెలుసుకుని 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది. ఈలోపే మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలం తెర చూపించి, రీస్టార్టయి, మళ్లీ నీలం తెరే చూపిస్తూ ఉండిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. చివరికి చేసిన వైద్యం ఏమిటి? సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైలు తొలగించడం. (ఆ నీలం తెరను 2025లో విండోస్ 11లో నల్లగా మార్చేశారు. కాబట్టి నల్లతెర మీద తెల్ల అక్షరాలుంటే అది తెర పోవడం కాదు. అడుగున ఉన్న ‘స్టాప్ కోడ్’ రాసుకోండి.)

ఆ రోజు చాలామంది ఇంజినీర్లను ఏడిపించింది ఫైలు కాదు, బిట్‌లాకర్ తాళం. డిస్కు మొత్తాన్ని తాళం వేసే ఈ ఏర్పాటు ఇప్పుడు ఇళ్లలో వాడే కొత్త ల్యాప్‌టాప్‌లలో కూడా, మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టగానే మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. మామూలుగా దాని ఉనికే తెలియదు. రిపేరు తెరలోకి వెళ్లినా, డిస్కు తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే దుకాణం కుర్రాడే కాదు, మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు. ల్యాప్‌టాప్ బాగున్న ఈ ఆదివారమే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి, మీ ల్యాప్‌టాప్ పేరు కింద ఉన్న ఆ అంకెలను కాగితం మీద రాసి, బీరువాలో పొలం పాసుపుస్తకం పక్కన పెట్టండి. ల్యాప్‌టాప్‌లోనే దాచడం అంటే ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకోవడం.

ఏ మందూ పనిచేయలేదు, డిస్కు మాత్రం బయోస్‌లో కనిపిస్తోంది. అప్పుడు వేరే కంప్యూటర్‌లో ఒక 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు లినక్స్ ఎక్కించుకోండి. ఉచితమే. మీ ల్యాప్‌టాప్‌ను ఆ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, ‘ఇన్‌స్టాల్’ కాకుండా ‘ట్రై’ ఎంచుకోండి. విండోస్‌తో పని లేకుండా తెర వస్తుంది. మీ ఫోల్డర్లు తెరిచి, ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోవచ్చు. బిట్‌లాకర్ ఉంటే మాత్రం ఇక్కడా కీ కావాలి. అమెరికాలో ఉన్న అబ్బాయి వీడియో కాల్‌లో ‘నాన్నా, అక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి’ అని చెబుతూ గంటలో చేయించగలిగిన పనే.

ఇంతా చేసి దుకాణానికే వెళ్లాల్సి వస్తే, సికింద్రాబాద్ సీటీసీ అయినా మీ వీధి చివర కొట్టయినా, ‘ఆన్ కావట్లేదు’ అనకండి. ‘కంపెనీ గుర్తు వస్తోంది, బయోస్‌లో డిస్కు కనిపించడం లేదు, నాలుగు రోజులుగా పొద్దున పూట వస్తోంది, వేడెక్కాక రావట్లేదు’ అనండి. ఇలా రాసిపెట్టుకోవడానికి ఓ చిన్న కాగితం చాలు. ఏ రోజు, ఎక్కడ ఆగింది, ఛార్జింగ్‌లో ఉందా లేదా. వచ్చిపోయే జబ్బు మెకానిక్ ముందు ఎప్పుడూ రాదు. మీ కాగితమే అతనికి సాక్ష్యం. రసీదు మీద ‘అడగకుండా ఫార్మాట్ చేయరాదు’ అని రాయించండి. డిస్కు మార్చాల్సి వస్తే పాతది మీకే ఇచ్చేయమనండి. పూర్తిగా చావని డిస్కును కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ డబ్బాలో బిగిస్తే, తీరిగ్గా కూర్చుని అందులోంచి ఎన్ని ఫొటోలొస్తే అన్నీ తీసుకోవచ్చు.